చిడతల నడక

మా ఆయనకు పక్షవాతం వచ్చి తగ్గాక ఎడమ కాలు సరిగా కదలడం మానేసింది. "రోజు నడిస్తెనే కాలు వస్తది. కూసుంటే ఉన్నది గూడ పోతది" అని డాక్టర్ మొహమాటం లేకుండా చెప్పాడు. మా అల్లుడు అడుగులు లెక్కపెట్టే వాచీ కొనిచ్చాడు. అక్కడ మొదలైంది మా ఇంట్లో దరిద్రం.

మా మెదక్‌లో రిటైరైన మగవాళ్లకు పనీపాటా లేదు గానీ, వాట్సాప్ గ్రూపు మాత్రం ఉంది. ఎవరెన్ని అడుగులు వేశారో రోజూ ఫొటో తీసి అందులో పెట్టాలి. ఒకరు పెట్టగానే మిగతావాళ్లు పూలగుత్తులు, చప్పట్లు పంపిస్తారు. ఆఫీసుల్లో ఉన్నన్నాళ్లూ కుర్చీ వదలని మనుషులు! ఇప్పుడు ఒకరికొకరు ఆరోగ్యం మీద ఉపన్యాసాలు దంచుకుంటారు.

మొదట్లో మా ఆయన నిజంగానే నడిచాడు. గల్లీ చివరిదాకా వెళ్లి, గోడ పట్టుకుని కాసేపు నిలబడి, తిరిగి వచ్చేవాడు. ఒక శనివారం హనుమాన్ గుడిలో భజనకు కూర్చుని చిడతలు వాయించాడు. ఇంటికొచ్చి చూస్తే, ఆ చేతి ఊపునంతా వాచీ అడుగుల కింద జమ కట్టింది. కూర్చున్నచోటు నుంచి కదలకుండానే ఎక్కడో ఉన్న ఎల్దుర్తి దాకా పోయొచ్చినంత నడక! ఇక నడిస్తే ఒట్టు. పొద్దున టీవీ ముందు చిడతలు, సాయంత్రం అరుగు మీద చిడతలు.

"గిదేం నడక? జర బయటికి పోయి నడువుండ్రి" అంటే, "వాచీ అబద్ధం చెప్తదా? నీకేం తెల్వది, ఊకో" అని కసిరేవాడు. కాలు చూస్తే రోజురోజుకూ చిక్కిపోతోంది. నాకు ఒళ్లు మండేది, భయమూ వేసేది.

చివరికి గ్రూపువాళ్లు ఆయన్నే అందరికంటే ఎక్కువ నడిచిన మనిషిగా తేల్చి, ఫంక్షన్ హాల్లో సన్మానం పెట్టారు. మైకులో పిలిచారు. మా ఆయన కొత్త లాల్చీలో స్టేజీ మెట్ల దగ్గరికి పోయి కుడికాలు పైన పెట్టాడు. ఎడమ కాలు రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. రాలేదు. హాలంతా చప్పట్లు కొడుతూనే ఉంది. ఆఖరికి ఇద్దరు వచ్చి, చంకల కింద చేతులేసి పైకెత్తి నిలబెట్టారు. శాలువా కప్పి ఫొటో దిగారు.

"నడకల సారు మనందరికి ఆదర్శం" అన్నాడు మైకు పట్టుకున్నాయన, సిగ్గు లేకుండా.

అందరూ తమ కుర్చీల్లోకి పోయారు. మా ఆయన స్టేజీ మీద ఒక్కడే నిలబడి జనంలో నాకోసం వెతికాడు. "జర రా. దిగనీకి వస్తలేదు, చెయ్యి పట్టుకో" అన్నాడు. మైకు ఆయన పక్కనే ఉంది. ఆ మాట హాలంతా వినిపించింది.

దానికి కూడా చప్పట్లు కొట్టారు.