ఆరున్నొకటో సినిమా

ముందుగా ఆ రోజు పోయినవన్నీ చెప్పేస్తాను. ఒక సినిమా. ఒక జడ్జి గారి ఎడమకాలి చెప్పు. ముగ్గురు పెద్దమనుషుల ఇస్త్రీ బట్టలు, అంటే మూడు జతలు. గ్రేస్ మేడమ్ గొంతు, రెండు రోజుల పాటు. ఆఖరుగా, ఇరవై రెండేళ్లు కొల్లేరు గట్ల మీద ఒక్క చేపపిల్ల తేడా రాకుండా నేను సంపాదించుకున్న పేరు. కూడిక మీరే వేసుకోండి. నేను కూడితే ఏమవుతుందో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

నా పని చేపపిల్లలు లెక్కపెట్టడం. చెరువులో వదలడానికి పిల్లలు డబ్బాల్లో వస్తాయి. డబ్బాకు ఎన్ని ఉన్నాయో అమ్మేవారు ఒక అంకె చెబుతారు, కొనేవారు దాంట్లో సగమే నమ్ముతారు. నేను జల్లితో ఒక్క ముంచు తీసి, ఆ పిల్లల్ని ఒక్కొక్కటిగా లెక్కించి, ముంచులతో హెచ్చవేసి చెబితే ఇద్దరూ నోరెత్తరు. నేను చదివింది తొమ్మిదో తరగతి. మిగతాదంతా గట్టు మీద నేర్చుకున్నదే. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. అంటే, కొంచెం గొప్ప కోసం కూడా చెబుతున్నాను.

గట్టు మీద లెక్కకు ఒక మర్యాద ఉంది. మొదటిదాన్ని ఒకటి అనం, లాభం అంటాం. లాభం, రెండు, మూడు అంటూ ఆరు దాకా వెళ్లాక, ఆ తర్వాతి దాన్ని దాని పేరుతో పిలవం. పిలిస్తే ఎదుటివాళ్లను ఏడవమని చెప్పినట్టుంటుంది కదా, అందుకని ఆరున్నొకటి అంటాం. ధాన్యం కొలిచేవాళ్లు కూడా ఇలాగే అనేవారు. వాళ్లకది నోటి వరకే. నాకు చేతికి కూడా అంటుకుంది. మా అమ్మాయిని పై తరగతిలో చేర్పిస్తూ ఫారంలో "6+1వ తరగతి" అని రాస్తే, హెడ్మాస్టరు గారు నన్నూ ఫారాన్నీ మార్చి మార్చి చూశారు. అప్పుడైనా బుద్ధి తెచ్చుకోవలసింది.

ఇక గ్రేస్ మేడమ్ సంగతి. ఏలూరులో ఒక కాలేజీలో బొమ్మలు వేయడం నేర్పేవారు. నేను లెక్కకు వెళ్లే చెరువుల యజమాని గారి చెల్లెలు. ఎనిమిదేళ్ల కిందట ఒకరోజు తాడేపల్లిగూడెంలో మా ఇంటికే వచ్చారు.

"వీర్రాజు గారూ, మేం ఏలూరులో ఒక వీడియో పండగ చేస్తున్నామండీ. నగర జీవితం మీద ప్రయోగాత్మక చిత్రాలు. మీ సాయం కావాలి."

"ఏలూరు నగరమేనంటారా మేడమ్?"

"కార్పొరేషన్ కదండీ! ఎందుకు కాదు?"

"సరేనండీ. సినిమాల్లో కథ ఉంటుందాండీ?"

"ఉండదు."

"పాటలు?"

"ఉండవు."

"హీరో?"

"ఒక దాంట్లో లిఫ్టు హీరో."

"మరి జనం ఎందుకొస్తారండీ?"

"ఎంతమంది వస్తారో లెక్కపెట్టడానికే మిమ్మల్ని పిలుస్తున్నాను" అన్నారు ఆవిడ నవ్వకుండా.

పని రెండు రకాలు. ఒకటి, గుమ్మం దగ్గర నిలబడి జనాన్ని లెక్కించడం. రెండోది, సినిమాలన్నిటినీ వరసగా వేసి, హైదరాబాదు నుంచి వచ్చే ముగ్గురు జడ్జీలు మధ్యాహ్నం మూడూ పది రైలు అందుకునేలా నిమిషాలు సర్దడం. వాళ్లు ఎంచిన ఒక్క సినిమా హైదరాబాదు పండగకు వెళ్తుంది. జడ్జీలు చూడని సినిమా ఎక్కడికీ వెళ్లదు. ఈ మాట ఆవిడ రెండుసార్లు చెప్పారు. నేను రెండుసార్లూ తల ఊపాను.

మూతపడ్డ ఒక బియ్యం మిల్లు గోడౌను అద్దెకు తీసుకున్నాం. కిటికీలకు టార్పాలిన్లు కట్టి చీకటి చేశాం. సున్నం వేసిన పెద్ద గోడే తెర. రెండు సినిమాలు ఒకే గోడ మీద కలిపి వేసే రకం కూడా ఒకటి ఉందని రెండు ప్రొజెక్టర్లు పెట్టించారు. వాటిని నడిపే బాజీ పెళ్లిళ్లకు ఎల్సీడీలు కట్టే మనిషి. గ్రేస్ మేడమ్ సినిమాలను ల్యాప్‌టాప్‌లో ఒకటి నుంచి నంబర్లు వేసి పెట్టారు. ఏ నంబరు ఎప్పుడు వేయాలో కాగితం రాసింది నేను. గుండ్రటి అక్షరాలతో, నిమిషాలూ సెకన్లతో సహా. బాజీ ఆ కాగితం చూసి ఒక్కటే అడిగాడు.

"లాభం అంటే ఏంటండీ వీర్రాజు గారూ?"

"ఒకటో నంబరు. ముందు లాభంతో మొదలుపెట్టాలి బాబూ."

"భలే ఉందండీ" అన్నాడు. ఇంకేం అడగలేదు. అన్నీ అర్థమైపోయినంత ధీమాగా కూర్చున్నాడు. నేను అంతకంటే ధీమాగా గుమ్మం దగ్గరికి నడిచాను.

పదకొండు కొట్టేసరికి ఒక చేపల వ్యాను వచ్చి ఆగింది. అందులోంచి పద్దెనిమిది మంది ఆడవాళ్లు దిగారు. అందరూ ఏలూరు మార్కెట్లో చేపలమ్మేవాళ్లే. ఆ రోజుకు బుట్టలు కట్టేసి, మంచి చీరలు కట్టుకుని వచ్చారు. ముందు నడుస్తున్నావిడ రత్తమ్మ గారు. ఆవిడ కోడలు సునీత ఒక ఫొటో స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీస్తుంది. పండగలో ఆఖరి సినిమా ఆ అమ్మాయిదే.

"నాలుగు నెలలండీ" అంది రత్తమ్మ గారు నాతో. "ఆదివారం వస్తే చాలు, నా ఐసు పెట్టెలో చేపలతో పాటు కెమెరా పెట్టేది. పెట్టెకు బెజ్జం కూడా పెట్టింది. ఏం తీశావే అంటే, చేప చూసిన ఏలూరు అత్తయ్యా అంటది."

"చేప ఏం చూసిందండీ?"

"అదేదో చూద్దామనే కదండీ బేరాలు మానుకుని వచ్చాం! మేమంతా ఉన్నామంట అందులో. ఇంత గోడ మీద!" అంటూ రెండు చేతులూ చాచి చూపించింది.

సునీత పక్కనే ఉంది. గోళ్లు కొరుక్కుంటోంది. "పదకొండు నిమిషాలండీ. మధ్యలో కత్తిరింపు లేదు. జడ్జీ గార్లు ఆఖరిదాకా కూర్చుంటారా అండీ?" అని అడిగింది.

"నేను లెక్క వేశానమ్మా. కూర్చుంటారు" అన్నాను. ఆ క్షణాన నా ఛాతీ కొలిచి ఉంటే టేపు చాలేది కాదు.

సినిమాలు మొదలయ్యాయి. మొదటిది అపార్టుమెంటు లిఫ్టు. తలుపులు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి, అంతే. ఆరోది రైల్వే గేటు. గేటు పడుతుంది, జనం ఆగుతారు, గేటు లేస్తుంది. మధ్యలోవి నాకు గుర్తు లేవు. కానీ వాటిని చూసినవాళ్లు అరవై మూడు మందని మాత్రం గుర్తుంది. ప్రతి సినిమా అయ్యాక జడ్జీల్లో గెడ్డం ఆయన లేచి చాలాసేపు మాట్లాడారు. ఆ మాటల నిమిషాలు నా కాగితంలో లేవు. నేను వేసుకున్న వెసులుబాటంతా ఆయన గెడ్డంలోకే పోయింది.

ఆఖరి సినిమా వేళకు గ్రేస్ మేడమ్ జడ్జీల టిక్కెట్లు తేవడానికి ఆఫీసు గదిలోకి వెళ్లారు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. లోపల గోడ మీద ఏదో వింతగా మెరిసింది. తొంగి చూశాను. రైల్వే గేటు దగ్గర జనం ఆగి ఉన్నారు. వాళ్ల మీదుగా లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. జనం అందులోంచి వచ్చినట్టున్నారు. గేటు లేచింది, లిఫ్టు మూసుకుంది. ఒక స్కూటరాయన లిఫ్టులోకి వెళ్లిపోయాడు.

"ఆహా!" అన్నారు గెడ్డం ఆయన చీకట్లో.

చేప దగ్గర నుంచి చూస్తే ఏలూరు ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను. నిజం చెబుతున్నాను, ఆ అమ్మాయి ఎంత తెలివైందో అని మెచ్చుకున్నాను కూడా.

సినిమా అయింది. చప్పట్లు. గెడ్డం ఆయన లేచారు. "నగరం మనల్ని ఎత్తుతుంది, మళ్లీ ఆపుతుంది. రెండు కదలికలనూ ఒకే గోడ మీద పెట్టిన ఈ దర్శకురాలు ఎవరో..."

ఆయన పూర్తి చేయలేదు. వెనకనుంచి రత్తమ్మ గారి గొంతు మార్కెట్లో లేచినంతగా లేచింది. "ఏవే సునీతా, మన బుట్టలేవే? మన సుబ్బులేదీ? ఆ స్కూటరాయన ఎవడే?"

సునీత లేచి నిలబడింది. మొహం పాలిపోయింది. కాదనకపోతే చాలు, హైదరాబాదు టిక్కెట్టు చేతిలో పడేట్టే ఉంది. కానీ "ఇది నా సినిమా కాదండీ" అంది.

గోడౌను మొత్తం బాజీ వైపు తిరిగింది. బాజీ నా కాగితాన్ని జెండాలా పైకెత్తాడు.

"ఇదిగోండి! ఆరు ప్లస్ ఒకటి అని రాశారండీ వీర్రాజు గారు. ఆరూ ఒకటీ కలిపి వేశాను. రెండు మిషన్లు అందుకేగా పెట్టారు!"

"కలిపితే ఎంతవుతుందయ్యా?" అని అరిచాను.

"కలిపితే బ్రహ్మాండంగా ఉందండీ!"

"కూడాలయ్యా! కూడితే వచ్చే నంబరు వేయాలి!"

"నేను ఎల్సీడీ వాడినండీ బాబూ, లెక్కల మాస్టర్ని కాదు. నంబరే కావాలంటే నంబరే రాయొచ్చుగా?"

అప్పటికి గ్రేస్ మేడమ్ పరుగున వచ్చారు. కళ్లజోడు పెట్టుకున్న జడ్జి గారు, ఆడమనిషి, మెల్లగా అడిగారు. "అవునండీ, ఆ నంబరే ఎందుకు రాయలేదు?"

"అనకూడదండీ" అన్నాను.

"ఏమనకూడదు?"

"అదేనండీ. ఆరు తర్వాతది."

"వీర్రాజు గారూ!" అని గ్రేస్ మేడమ్ అరిచిన అరుపుకు టార్పాలిన్లు కదిలాయి. ఆవిడ గొంతు పోయింది అప్పుడే.

నన్ను ఆదుకున్నది రత్తమ్మ గారే. "ఆయన రాసిందాంట్లో తప్పేముందండీ? మేం కూడా బుట్ట దగ్గర ఆరున్నొకటే అంటాం. పొద్దున్నే బేరం దగ్గర ఆ మాట అంటే ఇంకేమన్నా ఉందా?" అంది. పద్దెనిమిది మందీ "అవునవును" అన్నారు. హైదరాబాదు వాళ్లకు మా గట్టు మర్యాద ఇంత గట్టిగా తెలియడం అదే మొదటిసారి. ఆ కష్టంలోనూ నాకు కాస్త గర్వంగానే అనిపించింది.

అయితే గడియారం రెండూ యాభై చూపిస్తోంది. స్టేషనుకు పన్నెండు నిమిషాలు. సినిమా పదకొండు. రెండూ కలిపి ఇరవై మూడు. ఉన్నవి ఇరవై. జడ్జీలు సంచులు సర్దుకుంటున్నారు. సునీత ఏడవలేదు. గోడ వైపు చూస్తూ నిలబడింది, అంతే. ఏడ్చినా బాగుండేది.

"సగం చూపిద్దామమ్మా" అన్నాను.

"వద్దండీ. చూస్తే మొత్తం చూడాలి, లేకపోతే లేదు" అంది.

ఇంతలో ఇంకో కబురు. జడ్జీల కారు డ్రైవరు భోజనానికి వెళ్లాడు, ఫోను ఎత్తడం లేదు. అందరూ తల పట్టుకున్నారు. నా తలలో మాత్రం లెక్క తిరగబడింది. పన్నెండుకు పదకొండు కలిపితే కదా ఇరవై మూడు! ఒకదాంట్లో ఒకటి పెడితే పన్నెండే.

"ల్యాప్‌టాప్ తియ్యి బాజీ!" అన్నాను. "జడ్జీ గారూ, దయచేసి వ్యానెక్కండి. దారిలో చూద్దురు గాని."

"ఏ వ్యాను?" అన్నారు గెడ్డం ఆయన.

వాసన ముందు తెలిసింది ఆయనకు, వ్యాను తర్వాత కనిపించింది. ఎక్కేటప్పుడు ఆయన ఎడమకాలి చెప్పు మిల్లు గేటు దగ్గరే ఉండిపోయింది. మూడో జడ్జి గారు పొద్దుట్నుంచీ ఒక్క మాట మాట్లాడలేదు. ఐసు పెట్టె మీద కూర్చున్నాక మాత్రం "తడి" అన్నారు. సునీత, నేను వాళ్ల ముందు కింద, తలుపు వైపు తిరిగి కూర్చున్నాం. ల్యాప్‌టాప్ నా మోకాళ్ల మీద. రత్తమ్మ గారి కొడుకు బండి తీశాడు.

సినిమా మొదలైంది. పెట్టె బెజ్జంలోంచి ఏలూరు కనబడుతోంది. కరెంటు తీగలు, ఫ్లెక్సీలు, మేడల అంచులు, ఒక్కోసారి కిందికి వంగిన ఒక మొహం. ఐసు ముక్కల మీద నీళ్ల చప్పుడు. వ్యాను వెనక తలుపు సరిగా పడదు. ఆ సందులోంచి అసలు ఏలూరు కూడా కనబడుతోంది. ఒక మలుపులో టీ కొట్టు బోర్డు తెర మీదికీ, సందులోకీ ఒకేసారి వచ్చింది. వ్యాను కుదుపుకు తెర మీద ఏలూరూ మేమూ కలిసే ఎగిరిపడ్డాం.

కళ్లజోడు జడ్జి గారు మోకాళ్లు పట్టుకుని ముందుకు వంగారు. "ఇదీ రెండు తెరల సినిమాయేనా?" అన్నారు.

"కాదండీ" అంది సునీత. "నాది ఒకటే. రెండోది వీర్రాజు గారు పెట్టారు."

స్టేషను గేట్లోకి బండి తిరుగుతుండగా తెర మీద మార్కెట్టు వచ్చింది. పెట్టె మూత తెరిచి రత్తమ్మ గారి చెయ్యి లోపలికి దిగింది. తెర నల్లబడింది. వ్యాను ఆగింది. రైలుకు నిమిషం మిగిలింది. గెడ్డం ఆయన ఒక్క చెప్పుతో ప్లాట్‌ఫారం మీద పరుగెత్తుతూ, వెనక్కి తిరిగి రెండు చేతులూ సునీతకు జోడించారు. తర్వాతి నెలలో హైదరాబాదులో వేసిన సినిమా ఆ అమ్మాయిదే. నేనే స్వయంగా వెళ్లి లెక్కపెట్టాను. చూసినవాళ్లు నాలుగు వందల పన్నెండు మంది. పండగంటే ఇలా ఉండాలి.

గోడౌను మాకు ఇచ్చింది మూడింటి దాకానే. మేం మిల్లుకు తిరిగొచ్చేసరికి ధాన్యం లారీలు వచ్చేశాయి. గోడకు ఆనించి బస్తాలు వేస్తున్నారు. పద్దెనిమిది మందీ మెట్ల మీద కూర్చుని ఉన్నారు.

"జడ్జీలు చూశారా అండీ?" అని అడిగింది రత్తమ్మ గారు.

"చూశారమ్మా. మీ చెయ్యి కూడా చూశారు."

"మరి మేం?"

ఫోనులో చూపిస్తానంటే "ఈ అగ్గిపెట్టెలోనా?" అంది. వాళ్ల ఊళ్లో గోడ మీద వేయిస్తానంటే "మా ఊళ్లో మా మొహాలు మేం రోజూ చూసుకుంటాం. ఏలూరోళ్లు చూడాలి, మేం పక్కన కూర్చుని ఉండాలి" అంది. సాయంత్రానికల్లా వాళ్లు ఊరికి పోవాలి కనుక, అంత గోడా, అంత చీకటీ పగటిపూట దొరికే చోటు ఏలూరులో ఇంకా వెతుకుతున్నాను.

మొన్న మార్కెట్లో కనబడినప్పుడు నచ్చచెప్పబోయాను. "ఎంతమ్మా, పదకొండు నిమిషాలే కదా నేను బాకీ!"

"పదకొండేంటండీ?"

"సినిమా పదకొండు నిమిషాలు. పద్దెనిమిది మందీ కలిసే చూస్తారుగా!"

"ఆ రోజు మేం కలిసి ఒకటే బుట్ట కట్టేశామా అండీ? ఎవరి బుట్ట వాళ్లు కట్టేశాం. ఎవరి పదకొండు వాళ్లదే" అంది రత్తమ్మ గారు, చేప తోక పట్టుకుని తూకంలో వేస్తూ.

ఇరవై రెండేళ్ల అనుభవం, ఆ తర్వాత ఇంకో ఎనిమిదేళ్లు. నా లెక్కలో తప్పు పట్టిన మొదటి మనిషి ఆవిడే. తప్పు ఒప్పుకున్నాను. అందుచేత కొల్లేటి నీటి మీదా, నా జల్లి మీదా, ఏలూరు కార్పొరేషన్ మీదా ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇకపై ఎవరికి ఏ కాగితం రాసి ఇచ్చినా ఏడును ఏడనే రాస్తాను, వాళ్లు ఏడిస్తే ఏడవనీ. నేను ఈనాటికీ బాకీ ఉన్నది నూట తొంభై ఎనిమిది నిమిషాలు.