ఏడో గూడు, ఎండు నెత్తళ్ళు

పెద్ద తుఫాను వెళ్ళిన మరుసటి ఏడు, జనవరి నెల మొదటి సోమవారం నాడు నన్ను అటవీశాఖలో తాబేళ్ళ వాచర్‌గా వేశారు. రేపల్లె రేంజి, మా పాలెం బీటు. పాత రేవు దగ్గర నుంచి తూర్పుగా రెండు మైళ్ళ ఒడ్డు నాది, పడమరగా రెండు మైళ్ళు పోలయ్యది. పోలయ్య మా ఆయనకు వరసకు తమ్ముడు, అంటే నాకు మరిది. కాబట్టి నన్ను ఎగతాళి చెయ్యడం కూడా తన డ్యూటీలో భాగమే అనుకునేవాడు.

ఆ శాఖలో మెట్లు ఇలా ఉంటాయి. అన్నిటికన్నా కింద మేము, వాచర్లం. మా మీద బీట్ ఆఫీసర్, ఆ పైన సెక్షన్ ఆఫీసర్, ఆ పైన రేంజర్. రేంజర్ మీద ఎవరుంటారో నాకు తెలియదు, తెలుసుకునే అవసరమూ పడలేదు. పదకొండేళ్ళు చేసి, మోకాళ్ళు మొరాయిస్తే మానేశాను. చదువు నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా తోటికోడలి కూతురు రాస్తోంది. అక్షరాల తప్పులు దానివి, మిగతా తప్పులు నావి.

ఆ పనికి ముందు నేను ఎండుచేపలు అమ్మేదాన్ని. మా ఆయన సముద్రంలో పోయాక మూడేళ్ళపాటు గంప నెత్తిన పెట్టుకుని, రేపల్లెలో రైలెక్కి తెనాలి వెళ్ళి వీధులు తిరిగాను. పెట్టె ఎంత కిక్కిరిసినా నా చుట్టూ నలుగురు కూర్చునేంత చోటు ఖాళీగా ఉండేది. వాసన అట్లాంటిదట. నా ముక్కుకి మాత్రం ఏనాడూ తెలియలేదు. వాచర్ పని వచ్చాక గంప దించాను, మెడ నిటారుగా నిలిచింది. ఆ పని పోతే మళ్ళీ గంపే. ఇది గుర్తు పెట్టుకుంటే తర్వాత చెప్పేది అర్థమవుతుంది.

మొదటి వారంలో బాపట్లలో ఒక రోజు ట్రైనింగ్ ఇచ్చారు. రేంజర్ గారు స్వయంగా వచ్చి చెప్పారు. సముద్రపు తాబేలు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కితే ఇసుకలో ట్రాక్టర్ టైరు నడిచినట్టు జాడ పడుతుంది. తెల్లవారకముందే ఆ జాడ పట్టుకుని వెళ్ళాలి. జాడ ఆగిన చోట సన్నని కర్రతో మెల్లగా గుచ్చి చూస్తే, గూడున్న చోట ఇసుక మెత్తగా లోపలికి దిగుతుంది. గూడంటే కుండ ఆకారపు గుంట, మూరెడు లోతు, అందులో నూరుకు పైగా గుడ్లు. ఆటుపోటు తగిలే చోట ఉంటే వాటిని తీసి, ఏ గుడ్డు ఏ వైపు పైకి ఉందో అదే వైపు పైకి ఉండేలా మోసుకెళ్ళి, కంచె లోపల పాతాలి. గుడ్డు బోర్లా పడితే లోపల పిల్ల చచ్చిపోతుంది. నీళ్ళు అందని చోట ఉంటే కదపకూడదు. పైన ఇనప జల్లెడ పరిచి, పక్కన నంబరు వేసిన కర్ర పాతి, రిజిస్టర్లో రాయించాలి. యాభై రోజులకు అటూ ఇటూగా పిల్లలు బయటికి వస్తాయి.

తాబేళ్ళు ఏటేటా తగ్గిపోతున్నాయనే ఇంత గొడవ. గుడ్లు పెట్టే నెలల్లో ఇంజను పడవలు ఒడ్డుకి దగ్గరగా వల వెయ్యకూడదు. వలలో తాబేలు పడితే వల కోసైనా వదలాలి, ఎందుకంటే అది చేప కాదు, పైకొచ్చి ఊపిరి తీసుకోకపోతే నీళ్ళలోనే చస్తుంది. ఆ సంగతి పడవల వాళ్ళకు చెప్పి తిట్లు తినడం కూడా వాచరు పనే. ఒడ్డు మీద శత్రువులు వేరు. కుక్క, కాకి, అన్నిటికన్నా నక్క. అయితే నక్కను కొట్టకూడదు, ఉచ్చు వెయ్యకూడదు, మందు పెట్టకూడదు, దానికీ చట్టం ఉంది అన్నారు.

“మరి నక్కకేం చెప్పమంటారండి?” అని లేచి అడిగాను.

“తాబేలూ మనదే, నక్కా మనదేనమ్మా. ఒకటి ఇంకోదానికి దొరక్కుండా చూడటమే మన ఉద్యోగం” అన్నారు రేంజర్ గారు.

“ఇద్దరు కోడళ్ళున్న అత్తగారి పనన్నమాట” అన్నాను. హాలంతా నవ్వారు. రేంజర్ గారు కూడా నవ్వి నా పేరు అడిగి రాసుకున్నారు. అప్పుడది మంచికే అనుకున్నాను.

ఫిబ్రవరి సగానికి నా బీట్లో ఆరు గూళ్ళు దొరికాయి. అన్నీ నీళ్ళందని చోటనే. ఆరింటికీ జల్లెడ వేశాను, కర్ర పాతాను. దాంతోపాటు మా ఇంటి పద్ధతి ఒకటి పాటించాను. ఒడ్డున కొత్తగా ఏది దింపినా, అది వల కానీ పడవ కానీ, గంగమ్మకు తొలి పిడికెడు ఇవ్వాలని మా అత్త చెప్పేది. అందుకని కొంగు ముడిలో ఎప్పుడూ కాసిని ఎండు నెత్తళ్ళు, వేలెడంత చిన్న చేపలు, ఉంచుకునేదాన్ని. కర్ర పాతగానే దాని మొదట్లో పిడికెడు నలిపి పూడ్చి, అదే చేత్తో కర్రను నిమిరి, “తల్లీ, నీ బిడ్డల్ని నువ్వే చూసుకో” అని దణ్ణం పెట్టుకునేదాన్ని. ఇది రిజిస్టర్లో రాయించలేదు. దానికి గడి లేదు.

మొదట రెండో నంబరు గూడు పోయింది. నక్క పక్క నుంచి తవ్వి జల్లెడ కిందకి దూరి మొత్తం తినేసింది. మెత్తటి పెంకులు చిరిగిన తోలుముక్కల్లా ఒడ్డంతా పడున్నాయి. నాలుగు రోజులకు నాలుగోది, ఆ వెనకే ఒకటోది. పోలయ్య వైపు ఐదు గూళ్ళుంటే ఒక్కదాని మీదా గీత పడలేదు.

“ఏంటి వదినా, నీ బీట్లో నక్కలకి భోజనాలు పెడుతున్నావా? మా వైపు ఒక్కటీ తొంగి చూట్టంలేదు” అన్నాడు రేవు దగ్గర అందరి ముందూ.

“నీ మొహం చూసి దడుచుకున్నాయేమోలే” అన్నాను.

అనడానికి అన్నాను కానీ కడుపు మండింది. మా బీట్ ఆఫీసర్ సువార్త మేడం దగ్గరికి పోయి, పోలయ్యే తన వైపు నక్కల్ని నా వైపుకి తోలుతున్నాడని చెప్పాను. చూశావా అంటే చూడలేదు. ఎలా తెలుసంటే, అతని నవ్వు చూస్తే తెలుస్తుందన్నాను. సువార్త మేడంది తెనాలి. చిన్న వయసు, నన్ను పిన్నీ అని పిలిచేది, కానీ డ్యూటీ దగ్గర చుట్టరికం లేదు. నేను చెప్పింది చెప్పినట్టు కాగితం మీద పెట్టి పైకి పంపింది.

వారంలో రేపల్లె నుంచి రెండు మెమోలు వచ్చాయి. మెమో అంటే సంజాయిషీ అడిగే కాగితం. నాదాంట్లో, ఇంకొక్క గూడు పోతే నన్ను తీసేసి నా ఒడ్డు కూడా పోలయ్యకే అప్పగిస్తామని ఉంది. పోలయ్యదాంట్లో, నక్కల్ని తోలుతున్నట్టు ఫిర్యాదు వచ్చింది, నిజమైతే అతన్నీ తీసేస్తామని ఉంది. అతనికి ముగ్గురు పిల్లలు. ఆ రోజు రేవు దగ్గర నాతో ఒక్క మాటా అనలేదు. పోలయ్య ఎగతాళి మానేస్తే ఒడ్డంతా బోసిపోయినట్టుంది.

మిగిలిన మూడు గూళ్ళ చుట్టూ సర్కారు తుమ్మ కంప కొట్టి వేశాను. మా కుక్క మీద కూడా అనుమానం వచ్చి ఇంట్లో కట్టేశాను. అది రోజంతా నన్ను చూసి మొహం తిప్పుకునేది. ఈలోగా ఏడో గూడు దొరికింది, దానికీ కంప వేశాను. ఆ ఏడు నేను చూసినవాటిలో పెద్ద తల్లి తాబేలు జాడ అదే. ఉద్యోగం ఊగుతోంది కదా అని, ఈసారి గంగమ్మకు రెండు పిడికెళ్ళు పెట్టాను. పాత మూడింటికీ ఇంకో పిడికెడు చొప్పున కలిపాను.

ఆ సాయంత్రమే సరుగుడు కొమ్మతో ఏడో గూటి చుట్టూ ఇసుక చదును చేసి పెట్టాను. పోలయ్య అడుగులు పడితే పట్టుకుందామని నా ఆలోచన.

మర్నాడు వేకువన నేను వెళ్ళేసరికి నక్క అక్కడే ఉంది. కేకేశాను. తల ఎత్తి, ఈవిడెవరు మధ్యలో అన్నట్టు చూసి, సరుగుడు తోటలోకి తాపీగా వెళ్ళిపోయింది. మనిషి అడుగన్నది ఎక్కడా లేదు. నక్క జాడ మాత్రం అద్దంలా ఉంది. తోటలో నుంచి తిన్నగా వచ్చింది. గూటి దగ్గరికి కాదు, కర్ర దగ్గరికి. కంపలో సందు చేసుకుని కర్ర చుట్టూ మూడు చుట్లు తిరిగింది. కర్ర పీకి, నేను నిమిరిన మేర నమిలింది. దాని మొదట్లో తవ్వి నెత్తళ్ళన్నీ తింది. ఆ తవ్వుడులోనే పక్కకు జరిగి గూటివైపు వచ్చింది. గుడ్లకూ దాని పంజాకూ మధ్య బెత్తెడు ఇసుక మిగిలింది.

అక్కడే చతికిలబడ్డాను. పోలయ్య ఎగతాళికి అన్న మాట అక్షరాలా నిజం. భోజనాలు పెట్టింది నేనే. ఏ గూటికి ఎక్కడ వడ్డించానో తెలిసేలా నంబరు కర్రలు కూడా పాతాను.

ఒక మాట చెప్పాలి. ఆ నిమిషంలో, ఊరుకుంటే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. నెత్తళ్ళు మానేస్తే నక్క మానేస్తుంది. నా ఉద్యోగం నాకుంటుంది. కానీ పోలయ్య మెమో ఉందే, అది నా నోటి నుంచి పుట్టింది. నేను నోరు విప్పకపోతే అది అట్లాగే ఉంటుంది.

ముందు చేపలు కలిసిన ఇసుకంతా నాలుగు గూళ్ళ దగ్గరా తోడి, బేసిన్లో మోసి సముద్రంలో పోశాను. చేతులు ఇసుకతో తోముకుని, కొత్త కర్రలు పాతాను. అప్పుడు సువార్త మేడం దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పాను.

“పిన్నీ, నువ్వు చెప్పేది నమ్మమంటావా? పిడికెడు నెత్తళ్ళ కోసం వచ్చిన నక్క నూరు గుడ్లు తిని పోయిందా?”

“కూర కోసం వచ్చింది, అన్నం కనపడిందమ్మా. తినక ఏం చేస్తుంది?”

మేడం పెన్నుకి మూత పెట్టింది. “మేమూ కోతల పండక్కి తొలి పంట చర్చికి పట్టుకెళ్తాం. పొలంలోనే పాతిపెట్టం కదా పిన్నీ” అని ఫోను తీసి రేంజర్ గారికి చెప్పింది.

రేంజర్ గారు రుజువు కావాలన్నారు. ఇద్దరి మెమోలూ అప్పుడే తేలుస్తానన్నారు. గూళ్ళకు దూరంగా, తోట అంచున, ఖాళీ ఇసుకలో రెండు కర్రలు పాతమన్నారు. ఒకదానికి నేను ఎప్పటిలాగే నెత్తళ్ళు పూడ్చి చేత్తో నిమరాలి. రెండోది సువార్త మేడం కడిగిన చేత్తో పాతాలి. పాతాం. మర్నాడు వేకువన రేంజర్ గారు, మేడం, పోలయ్య, నేను కలిసి వెళ్ళాం. నక్క ఆ పూట రాకపోతే నా మాట కట్టుకథ అవుతుంది, పోలయ్య మెమో అట్లాగే ఉండిపోతుంది.

వచ్చింది. మేడం కర్ర పాతింది పాతినట్టే ఉంది. నా కర్ర దగ్గర మోకాలి లోతు గొయ్యి. గుడ్లు ఉన్నాయనుకుందో ఏమో, పాపం ఎంత కష్టపడిందో! నెత్తళ్ళు తప్ప ఏమీ దొరక్క, గట్టు మీద దొడ్డికి పోయి వెళ్ళింది.

పోలయ్య వంగి చూశాడు. “సార్, నక్క కూడా సంజాయిషీ ఇచ్చుకుంది” అన్నాడు.

రేంజర్ గారు నవ్వు ఆపుకోలేక అటు తిరిగారు. నాకు ఆ నవ్వు కన్నా పోలయ్య నోరు విప్పడమే పెద్ద ఊరట. అందరి ముందూ, “తప్పు నాదయ్యా” అన్నాను.

“తెలుసులే వదినా. నక్కల్ని తోలే తెలివే నాకుంటే వాచరెందుకవుతాను, రేంజర్నే అయ్యేవాణ్ణి కదా” అన్నాడు. రేంజర్ గారు వినపడనట్టు ఊరుకున్నారు.

పోలయ్య మెమో అక్కడే రద్దు చేశారు. నాది చెయ్యలేదు. ఉన్న నాలుగు గూళ్ళూ నిలిస్తే అప్పుడు చూద్దామన్నారు.

ఇంటికొచ్చి మా అత్తకు చెప్పాను. పళ్ళు లేని నోటితో ఆవిడ నవ్విన నవ్వు పక్క వీధికి వినపడింది.

“గంగమ్మ నీళ్ళల్లో ఉంటే ఇసకలో పెట్టావేంటే? మోకాలి లోతు దిగి నీళ్ళల్లో వదలమని కదా నేను చెప్పింది. నువ్వు పెట్టింది గంగమ్మకి కాదే, నక్కమ్మకి!”

నిజమే, ఆవిడ అట్లాగే చెప్పింది. జనవరి వేకువన ఆ నీళ్ళు ఎముకలు కొరుకుతాయి. చీర తడిస్తే ఆ తడితోనే రెండు మైళ్ళు నడవాలి. ఒడ్డున పెడితే అమ్మవారే వచ్చి తీసుకుంటుందిలే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. మర్నాటి నుంచి మోకాలి లోతు దిగి అక్కడే చేతులు కడుక్కుని వచ్చాను.

మిగిలిన నాలుగు గూళ్ళూ నిలిచాయి. ఏడోది యాభై రెండో రోజున లేచింది. ముందు ఇసుక కాస్త కుంగింది, తర్వాత ఉడికే అన్నంలా కదిలింది, తర్వాత బొట్టుబిళ్ళంత తలలు. అన్నీ వరసగా నీళ్ళవైపు నడిచాయి. పోలయ్య తన బీటు వదిలి కాకుల్ని తోలడానికి వచ్చాడు. “వదినా, ఇవాళ నక్కమ్మ ప్రసాదం లేదా?” అన్నాడు. ఆ నెలాఖరుకి నా మెమో కూడా రద్దయింది.

సువార్త మేడం మరుసటి ఏడు రిజిస్టర్లో ఒక కొత్త గడి గీయించింది. గూటి దగ్గర వాచరు ఏం పెట్టాడు అని. నేను పనిచేసినంత కాలం ఆ గడిలో నా చేత్తోనే సున్నా చుట్టాను. సంతకం కాక నాకు రాయడం వచ్చిన అక్షరం అదొక్కటే.

గూడు పోతే నక్క జాడ వెతకాలి, అది పద్ధతే. కానీ దానికన్నా ముందు గూటి దగ్గరికి వెళ్ళిన మనిషి జాడ వెతకాలి. అందుకే కొత్తగా చేరిన ప్రతి వాచరునూ, ఆడదైతే కొంగు ముడి, మగాడైతే లుంగీ మడత, నా ముందు విప్పి చూపించమనేదాన్ని. సగం మంది దగ్గర ఏదో ఒకటి దొరికేది.