వెనక పాకలో రెజీనా

ఏలూరు తంగెళ్లమూడిలో తివాచీల ఉన్ని కడిగే షంషుద్దీన్ తన వెనక పాకలో రెజీనా అనే ఆడమనిషిని దాచాడని 1938 వేసవిలో పేటంతా చెప్పుకుంది. ఎక్కువగా చెప్పింది మా పక్కింటి మరిడమ్మ. రుజువు ఆమె చెవులే.

"నూతి దగ్గర నేనే విన్నానమ్మా. 'రెజీనా అలిసిపోయింది, రేపు స్నానం చేయించాలి' అన్నాడు. పెళ్లాం ఫాతిమా పక్కనే ఉండి కూడా నీళ్లు తోడుకుంటోంది, పాపం."

"అది మా వాళ్ల పేరండీ. మా సంఘంలో మాత్రం రెజీనా ఎవరూ లేరు," అంది చర్చికి వెళ్లే ఎదురింటి మరియమ్మ, లేనందుకు కాస్త నొచ్చుకుంటూ.

మాట రైలెక్కి భీమడోలులో తివాచీల వర్తకుడు సుబ్బరాజు గారిని చేరింది. తెల్ల తివాచీల ఉన్నిని ఆయన షంషుద్దీన్‌కే ఇవ్వాలనుకున్నారు. ఆ పని పోతే షంషుద్దీన్‌కు ఏడాదంతా వేరే పని లేదు. శీలం లేనివాడికి ఉన్ని ఇవ్వనని, కళ్లారా చూసి తేల్చుకుంటానని ఆయన ఏలూరులో దిగారు. శీలం సంగతి కాబట్టి వెంట పదిహేను మంది వచ్చారు. వాళ్లలో ఇద్దరు తాడేపల్లిగూడెం ప్రయాణం మానుకున్నారు.

"రెజీనా ఏదయ్యా?" అన్నారు సుబ్బరాజు గారు.

"రెజిన్ అండీ. ఇదిగో, గొట్టంలో."

నిలబెట్టిన గాజు గొట్టం నిండా గోధుమరంగు రెజిన్ పలుకులున్నాయి. ఇనప కాగులో కాచిన సోడా నీళ్లలోకి ఇనుము దిగి తెల్ల ఉన్నిని పసుపుపచ్చగా మారుస్తుంది. ఆ నీళ్లను గొట్టంలో పోస్తే పలుకులు ఇనుమును పట్టుకుంటాయి. పట్టి పట్టి నిండిపోయాక పల్చటి ఆసిడ్‌తో కడిగితే మళ్లీ పనికొస్తాయి.

"స్నానం అంటే ఇదా?"

"ఇదేనండీ. అలిసిపోయేదీ ఇదేనండీ."

సుబ్బరాజు గారు రెండు ఉన్ని చుట్టలు కడిగించి చూశారు. కాగు నీళ్లలోది పచ్చబడింది. గొట్టం దాటిన నీళ్లలోది తెల్లగా ఉంది. పని షంషుద్దీన్‌కే ఇచ్చారు.

"ఇంత ఎండలో ఇందుకా వచ్చింది," అని వెనక ఒకాయన విసుక్కున్నాడు.

మరిడమ్మ మాత్రం ఓడలేదు. "మనిషిని ముందే పంపేసి గొట్టం పెట్టారమ్మా. మొగుడు ఎవర్ని తెచ్చుకున్నా నోరెత్తదు ఆ ఫాతిమా," అంటుంది ఇప్పటికీ.

మద్రాసులో ఒక ప్రయోగశాలలో సీసాలు కడిగే తన అన్న నన్నే సాహెబ్‌కు ఉత్తరం రాయించి, ఆ రెజిన్ తెప్పించింది ఫాతిమాయే.