గోవిందా అంటేనే నీళ్లు

తొంభైలలో ఒక ఎండాకాలం, పటాన్‌చెరు బస్టాండ్‌లో ఎవరో భక్తులు చలివేంద్రం పెట్టారు. గోవిందా అంటేనే గ్లాసు చేతికిచ్చేవారు. దేవుడి తరఫున వసూళ్లకు కూర్చున్నట్టుండేది ఆ సేవ.

నా ముందున్న ఫ్యాక్టరీ కార్మికుడికి దగ్గు ఆగక మాట రాలేదు. కాషాయ కండువా వేసుకున్న కార్యకర్త గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నా వెనకున్న, ముక్కూ మొహం తెలియని నడివయసావిడ "గోవిందా" అంది.

"నువ్వంటె ఆయనకు పుణ్యమెట్ల వస్తదమ్మా?" అన్నాడతను.

"పుణ్యం నువ్వే పెట్టుకో. ఆయనకు నీళ్లియ్యి," అంటూ ఆవిడే గ్లాసు లాక్కుని తాగించింది.

తను మాత్రం తాగలేదు. జోగిపేట బస్సు రాగానే నీళ్లకుండకు దండం పెట్టి వెళ్లిపోయింది. ఆ దండం తనకే అనుకుని, ఆ మహానుభావుడు చెయ్యెత్తి దీవించాడు.