సిద్దిపేట కబడ్డీ మైదానంలో ఒంటికాలి పరీక్ష

ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరిన కొత్తలో నా దగ్గరికి వచ్చే ఆటగాళ్ళందరూ దెబ్బ తగిలాక వచ్చినవాళ్ళే. వాళ్ళలో ఒక కబడ్డీ కుర్రాడు ఉండేవాడు. ఆటలో తలలు ఢీకొన్నాయి, లేచి మళ్ళీ ఆడాడు, ఇంకో దెబ్బ తగిలింది. ఆ తర్వాత చెంచా పట్టుకోవడం కూడా కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. వాళ్ళమ్మ, "ముందే ఎరుకైతే ఆపుకుందును గదమ్మా" అంటూ ఉండేది. ఆ మాటే నన్ను సిద్దిపేటకు పంపింది. నిలకడ తక్కువైన పిల్లలే ఎక్కువగా పడతారనీ, తలదెబ్బలు తగిలేది కూడా వాళ్ళకేననీ అప్పట్లో నా నమ్మకం. ఆటకు ముందే పరీక్షిస్తే వాళ్ళెవరో తెలుస్తుందనుకున్నాను. మా పక్కింట్లో అద్దెకుండి చదువుకున్న యాదగిరి సిద్దిపేటలో డ్రిల్ సారుగా చేస్తున్నాడు. ఆడపిల్లల కబడ్డీ సెలెక్షన్లున్నాయి, రమ్మని కబురు పెట్టాడు. తొంభైల మొదట్లో మాట ఇది.

సికింద్రాబాద్‌లో పొద్దున్నే కరీంనగర్ బస్సెక్కాను. టికెట్టు ఇరవై రూపాయల లోపే, ప్రయాణం మాత్రం రెండున్నర గంటల పైమాటే. శామీర్‌పేట దాటాక ఎదురుగా లారీ వస్తే బస్సు మట్టిలోకి దిగాల్సిందే. ప్రజ్ఞాపూర్‌లో చాయ్‌కి ఆపారు. జగదేవ్‌పూర్ పోయేవాళ్ళు అక్కడే దిగిపోయారు. ఆ ఏడు వానల్లేవు. రోడ్డుకు రెండు పక్కలా మొక్కజొన్న మోకాలెత్తులోనే ఎండిపోయి ఉంది. సిద్దిపేట బస్టాండు ఎదుటి హోటల్లో ఉప్మా వడ్డించినామె నా సంచి చూసి, "దవాఖానకు వచ్చినవా బిడ్డా?" అంది. ఆడపిల్లల ఆట చూడడానికి వచ్చానన్నాను. "మా పోరి గూడ ఆడేది. మోకాలు పాయె. ఇప్పుడు కింద కూసోనస్తలేదు" అంటూ ఇంకో గరిటె వేసింది.

మైదానం బస్టాండు నుంచి నడిచిపోయేంత దూరమే. నేల మొరం, గట్టిగా రాయిలా ఉంది. చెప్పుల్లేని కాళ్ళతో పిల్లలు వరసగా నిలబడ్డారు. ఒంటికాలి మీద నిలబడి, చేతులు నడుము మీద పెట్టుకుని, కళ్ళు మూసుకోమన్నాను. కొందరు వెంటనే ఊగిపోయి కాలు దించేశారు. చింతమడక నుంచి వచ్చిన స్వరూప మాత్రం నాటిన గుంజలా నిలబడింది. చాలని నేను చెప్పేదాకా కాలు దించలేదు.

"అలా ఎలా నిలబడ్డావే?" అని నేనడిగితే, "మా బాపు తాళ్ళెక్కుతడు మేడం. ఆయన బిడ్డను గదా" అని నవ్వింది. వాళ్ళ నాయిన మల్లేశం తాటిచెట్లెక్కి కల్లు గీస్తాడు. ఆ రోజు ఎంపికైతే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు వస్తుంది, చదువూ తిండీ అక్కడే. ఇంట్లో అయితే బీడీలు చుట్టడమే. ఇదంతా ఆమె ఒక్క గుక్కలో చెప్పింది. నా అంచనా ప్రకారం ఆమె గురించి భయపడాల్సిన పనే లేదు. ఊగిన పిల్లల మీదే కన్నేసి ఉంచాను.

రెండో ఆటలో కూతకొచ్చిన పిల్ల మధ్యగీత వైపు పారిపోతుంటే అందరికంటే ముందు దూకింది స్వరూపే. అవతలి పక్క నుంచి ఆమె జట్టులోని ఇంకో పిల్ల కూడా దూకింది. తలలు తగిలిన చప్పుడు నేను కూర్చున్న చోటికి వినిపించింది. స్వరూప లేచి పావడా దులుపుకుంది.

"ఏం గాలే మేడం. ఆడుత."

నేను ఆమెను పక్కకు తీసుకెళ్ళి, పొద్దున నిలబడినట్టే మళ్ళీ నిలబడమన్నాను. కళ్ళు మూయగానే నా మీద పడింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ పడింది.

యాదగిరి పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, సెలెక్టర్లు ఈమెను సూడనీకే కూసున్నరు. ఒక్క ఆటనే గదా!"

"ఇంకో దెబ్బ తగిలితే పిల్ల దక్కదు యాదగిరీ."

అప్పటికే, కూతురి ఆట చూద్దామని ఊరి నుంచి వచ్చిన మల్లేశం సైకిల్ గోడకు ఆనించి, ఆమె పక్కన వచ్చి నిలబడ్డాడు. స్వరూప ఆయన్ను చూసి, "బాపూ, ఎప్పుడొచ్చినవ్?" అంది. "గిప్పుడే బిడ్డా." కాసేపాగి ఆయన చెయ్యి పట్టుకునే నన్ను అడిగింది: "మా బాపు వచ్చిండా మేడం?" మల్లేశం కూతురి ముఖం తనవైపు తిప్పుకున్నాడు. "గిదేంది మేడం, నా చెయ్యి పట్టుకోని నేనొచ్చిన్నా అని అడుగుతుంది?" అన్నాడు. యాదగిరి ఆట సంగతి వదిలేసి ఆటో కోసం పరుగెత్తాడు.

ఆటోలో దవాఖానకు బయలుదేరాం. డ్రైవర్ మామూలు కంటే ఎక్కువ కిరాయే అడిగాడు గానీ, గుంతలన్నీ తప్పించి మెల్లగా నడిపాడు. "తలకు తాకిందాయె, నిద్రపోనియ్యకున్రి" అని వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. దవాఖాన మెట్ల మీదే స్వరూప వాంతి చేసుకుంది. రేపటిదాకా చూడాలని, నెలదాకా ఆట మాటే ఎత్తొద్దని డాక్టర్ చెప్పాడు. కొంత తేరుకున్నాక ఆమె అడిగిన మొదటి మాట, "ఎంపికైనోళ్ళల్ల నా పేరు సదివిన్రా?" మల్లేశం ఆమె మీది దుప్పటి సర్దాడు. గోడవైపు తిరిగి పడుకుంది.

సాయంత్రం బస్సుకు నేను లేస్తే మల్లేశం వరండా దాకా వచ్చాడు. "మీరు ఆపిందే మంచిదైంది మేడం. కాదంట లేను. గని రేపు అది నన్నడుగుతది, నన్నెందుకు ఆపిన్రని. నేనేం జెప్పాలె?" ఆయన భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

తలనొప్పులు తగ్గడానికి చాలా నెలలు పట్టిందని తర్వాత యాదగిరి చెప్పాడు. మరుసటి ఏడు సెలెక్షన్లకు ఆమె వయసు దాటిపోయింది. బడి మానేసి బీడీలకు కూర్చుందట. ఇప్పటికీ ఆ రోజు తలుచుకుంటే గర్వపడాలో ఏడవాలో తెలియదు. పొద్దున ఊగిన పిల్లలంతా రోజంతా ఆడి క్షేమంగా ఇళ్ళకు పోయారట. నిలబడ్డ పిల్లే పడింది, ఎందుకంటే ముందు దూకే ధైర్యం ఆమెకే ఉంది. దెబ్బ ఎవరికి తగులుతుందో నా పరీక్ష చెప్పలేకపోయింది. తగిలాక ఆ పిల్ల మునుపటిలా లేదని మాత్రం చెప్పింది. ఆమె ప్రాణానికి అది చాలింది, బతుక్కి చాలలేదు.

ఇలాంటి పనిమీద ఊళ్ళకు వెళ్ళేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. సెలెక్షన్ల రోజున కాకుండా, వాటికి బాగా ముందే వెళ్ళి, దెబ్బ తగిలాక పోల్చి చూసుకోవడానికి పిల్లల నిలకడ రాసుకోండి. దెబ్బ తగిలి ఆగిపోయిన పిల్లకు మరో రోజు అవకాశం ఇస్తామని సెలెక్టర్లను అప్పుడే ఒప్పించండి.