రెండు రంగుల సిరా

ఇరవై రెండేళ్ళు ఆయన దగ్గర టైపిస్టుగా చేశాను. వార్డు మెంబరుగా మొదలుపెట్టి, మునిసిపల్ చైర్మనై, రెండుసార్లు శాసనసభకు వెళ్ళి, ఆ తర్వాత వరసగా మూడుసార్లు ఓడిపోయి ఇంటిపట్టున కూర్చున్న మనిషి. ఎవరేం అడిగినా కాదనేవారు కాదు, "అలాగే" అనేవారు. ఊళ్ళో ఆయన పేరే అలాగేగారు అయిపోయింది.

అందరికీ అలాగే అంటే పనులెలా అవుతాయి? అందుకు మా దగ్గర ఓ ఉపాయం ఉండేది. సిఫారసు ఉత్తరం మీద సంతకం ఆకుపచ్చ సిరాతో ఉంటే పని చేయమని, నీలం సిరాతో ఉంటే పక్కన పడేయమని. ఆఫీసులన్నిటికీ తెలుసు. ఉత్తరం కళ్ళకద్దుకుని వెళ్ళేవాళ్ళకే తెలియదు. ఉపాయం నాదే. అప్పట్లో నా తెలివికి నేనే మురిసిపోయాను లెండి.

ఊరంతా మావయ్య అని పిలిచే సెలూన్ యజమాని మా మొదటి ఎన్నికలో చెప్పులరిగేలా తిరిగాడు. రోజూ ఆయన గడ్డం గీసేదీ అతనే. భార్యకు గుండెజబ్బు చేస్తే, పెద్దాసుపత్రిలో ఆపరేషన్ కోసం ఉత్తరం అడిగాడు. మా మాట మీద నెలకు ఒక్కరినే చేర్చుకునేవారు. ఆ నెల చోటు, ఎదుటి పార్టీ నుంచి మా పార్టీలోకి రాబోతున్న ఒకాయన అత్తగారికి అనుకున్నాం.

"మావయ్య మనవాడే కదా, ఎక్కడికి పోతాడు?" అని ఆయన నా వైపు చూశారు. నీలం పెన్ను అందించాను.

ఎదురుచూసి ఎదురుచూసి ఆవిడ నాలుగు నెలలకు పోయింది. ఆసుపత్రివాళ్ళు తిప్పి ఇచ్చేసిన ఆ ఉత్తరానికి మావయ్య ఫ్రేము కట్టించి, అద్దం పక్కన తగిలించాడు. గడ్డం గీయించుకోవడానికొచ్చే గుమాస్తాలు దాన్ని చూసి చూపు తిప్పుకునేవారు. ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మొన్న ఉదయం ఆయన సెలూన్ కుర్చీలో ఉన్నారు, నేను వెనక బెంచీ మీద పేపరుతో. ఎవరో కొత్త మనిషి ఆ ఫ్రేము సంగతి అడిగాడు.

"మా ఆవిడ కోసం అయ్యగారు స్వయంగా రాసిచ్చారండీ. ఆ డాక్టర్లే పట్టించుకోలేదు" అన్నాడు మావయ్య.

ఆయన, కత్తి ఉన్న మావయ్య చెయ్యి పట్టుకుని ఆపారు. "డాక్టర్ల తప్పు లేదు మావయ్యా. నీలం సిరా అంటే చెయ్యొద్దని. వద్దన్నది నేనే."

పెన్ను ఇచ్చింది నేనని అప్పుడూ చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోతూ పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

మావయ్య ఆ సంతకం వైపు చూశాడు. ఆయన మెడ చుట్టూ కట్టిన గుడ్డ విప్పాడు.

"మిగతా సగం ఇంటి దగ్గర గీసుకోండి."

"అలాగే" అన్నారాయన. ఒక చెంప మీద నురగతోనే లేచి, నడిరోడ్డున నడుచుకుంటూ వెళ్ళిపోయారు.

మావయ్య కత్తి కడిగి, గుడ్డ దులిపాడు. కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"రండి టైపిస్టుగారూ, మీ వంతు."

వెళ్ళి కూర్చున్నాను. తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాను.