కిడ్నాపర్ల సీరియల్

నిన్న సీఫ్‌లో మా ఆఫీసు కింద ఎవరో యాలకుల చాయ్ కాస్తుంటే, ఆ వాసనకు నా చిన్నప్పుడు ఈ అరబ్బు దేశంలోనే, అరాద్‌లో మేముండిన ఒంటిగది గుర్తొచ్చింది.

ఓ సాయంత్రం టీవీలో డిటెక్టివ్ సీరియల్ వస్తోంది. కిడ్నాపర్లు ఒకాయన్ని కొట్టి, పాస్‌పోర్టు లాక్కుని, గదిలో పెట్టి తాళం వేశారు. నాన్న పాస్‌పోర్టు కూడా ఆయన్ని పనికి రప్పించుకున్న కఫీల్ దగ్గరే ఉండేది. ఊళ్లో నానమ్మకు బాగోలేదని ఎంత అడిగినా ఇవ్వలేదు.

"నాన్నా, నిన్ను కూడా ఎత్తుకొచ్చేశారా?" అన్నాను.

అమ్మ పకపకా నవ్వింది.

"లేదమ్మా, నేనే టికెట్టు కొనుక్కుని వచ్చాను," అన్నాడు నాన్న.

ఎప్పుడూ టీవీ చూడని మనిషి, ఆ రోజు డిటెక్టివ్‌లు తలుపు బద్దలుకొట్టి అతన్ని బయటికి తెచ్చేదాకా కదల్లేదు. చేతిలో చాయ్ చల్లారిపోయింది.

సీరియల్ అంత బాగుంది కాబోలు అనుకున్నాను, అప్పుడు.